మోదుగుపూవు వేడి

జనవరి ఇరవై ఎనిమిది, బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా అమ్మ నేను పనిచేసే ప్రయోగశాలలో మొదటిసారి అడుగుపెట్టింది. పదకొండు గంటల ముప్పై నాలుగు నిమిషాలకు ఆమె అక్కడి ఇనుప బల్ల మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టింది. ఆ చప్పుడు విని నేను ఎర్రమీట నొక్కి, నడుస్తున్న పరీక్షను మధ్యలో ఆపేశాను. ఈ రెండింటి మధ్య ఇరవై నాలుగు నిమిషాలు. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో, యంత్రంలో లోపమేమీ లేకుండా నేను ఒక పరీక్షను ఆపడం అదే మొదలు. పక్కన నిలబడిన శైలజ, నాతోపాటు పదేళ్లుగా అదే యంత్రం మీద పనిచేస్తున్న మనిషి, నా ముఖం వైపు చూసి, "ఏమైంది భారతీ, ఎందుకు ఆపినవ్?" అని అడిగింది.

మా ప్రయోగశాల ఇబ్రహీంపట్నానికి ఇవతల, ఆదిబట్ల వైపున్న పారిశ్రామికవాడలో ఉంది. అక్కడ మేము చేసే పనిని మా అమ్మకు చెప్పినట్టే ఇక్కడ చెబుతాను. విమానాల ఇంజన్లలో వాడే నికెల్ మిశ్రలోహం నుండి బొటనవేలంత ముక్కను కోస్తాం. దాన్ని వెయ్యి డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, ఆ వేడి మీదనే రెండు దిమ్మెల మధ్య పెట్టి నొక్కుతాం. నొక్కుతున్నంతసేపు తెర మీద ఒక గీత నడుస్తుంది. గీత ఎంత పైకి లేస్తే ముక్క అంతగా ఎదిరిస్తున్నట్టు. కిందికి వంగితే లొంగుతున్నట్టు. ఒకే లోహం ఒక వేడిలో ఒక తీరుగా, ఇంకో వేడిలో ఇంకో తీరుగా, మెల్లగా నొక్కితే ఒక రకంగా, గబుక్కున నొక్కితే మరో రకంగా ప్రవర్తిస్తుంది. ఇటువంటి గీతలు వందలకొద్దీ పోగుచేసి, ఏ వేడిలో ఎంత వేగంతో కొడితే లోహం పగలకుండా సాగుతుందో ఒక పటం గీసి, పెద్ద సుత్తులున్న కర్మాగారానికి పంపుతాం. మా పని అంతే.

అమ్మకు కుడిచేయి పిడికిలి మూసుకోవడం లేదు. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఆమెను దవాఖానకు తీసుకుపోవలసి ఉంది. ఈలోగా ఒక పరీక్ష పూర్తిచేయక తప్పదు కనుక వెంట తీసుకువెళ్లాను. ఆమె చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది, వద్దన్నా వినలేదు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కను అరచేతిలో పెట్టుకొని తూచినట్టు ఊపింది.

"గింత ముక్కకా గింత పెద్ద ఇల్లు?"

"అవ్ అమ్మా, గింత ముక్కకే."

"మరి దీన్ని పట్కారుతోని ఎవరు పట్టుకుంటరు?"

"ఎవ్వరు పట్టుకోరు. మిషినే పట్టుకుంటది, మిషినే కొడ్తది."

"ఒక్కతే రెండు పన్లు చేస్తదా? పాపం, దీనికి మొగుడు లేడా ఏంది?" అన్నది అమ్మ. శైలజ నవ్వు ఆపుకోలేకపోయింది.

కొలిమిలోకి చూడడానికి ఒక చిన్న గాజుకిటికీ ఉంటుంది. అమ్మకు బాగా కనబడాలని శైలజ గదిలో దీపాలు ఆర్పింది. అమ్మ వంగి ఆ కిటికీ లోపలికి చూసింది. లోపల ముక్క పసుపురంగుకు తిరిగి, దిమ్మెలు దగ్గరవుతున్నాయి. అమ్మ కళ్లు కిటికీ మీదనే ఉన్నాయి, కుడిచేయి మాత్రం బల్ల మీదికి వచ్చింది. ఒక్క దెబ్బ.

ఆ ఒక్క దెబ్బకు మా ఇంట్లో ఒక అర్థం ఉంది. ఆ అర్థం ఎట్లా ఏర్పడిందో చెప్పాలంటే, నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్న ఆ చలికాలానికి వెళ్లాలి.

మా నాన్న వీరాచారి కమ్మరి. మేము ఆయనను బాపు అని పిలిచేవాళ్లం. మాకు సాగర్ రోడ్డు నుండి చెరువు వైపు దిగే దారిలో రెండు గదుల ఇల్లు ఉండేది; ఇంటిముందు రేకులు కప్పిన కొలిమి. మూడు వైపులా మట్టిగోడలు, నాలుగో వైపు వేలాడే గోనెపట్టా. పట్టా ఎత్తి లోపలికి పోతే మొదట ఏమీ కనబడేది కాదు. వాసనలే ముందు ఎదురొచ్చేవి. తుమ్మబొగ్గు పొగ, ఇనుము మీద నుండి రాలే పొట్టు, ఉలులను ముంచే పాత నూనె, అమ్మ చేతులకు చుట్టుకునే గుడ్డపేలికల చెమట. ఆ నూనె వాసన మా అన్నంలో కూడా ఉండేదని, నా స్నేహితురాళ్లు నా టిఫిన్‌డబ్బా తెరిచినప్పుడు ముక్కులు చిట్లించేవారు. నాకు మాత్రం కాలేజీ కాంటీన్ అన్నమే వాసన లేనిదిగా, సగం వండినట్టుగా ఉండేది.

బాపు రోజూ పొద్దున కొలిమి రాజేయడానికి ముందు, ఆ చీకటిలో కళ్లు మూసుకొని కొద్దిసేపు కూర్చునేవాడు. చెవి మీద వెలిగించని బీడీ ఉండేది. మొదటి ఇనుము ఎర్రబడినప్పుడు దానితోనే ఆ బీడీ అంటించేవాడు, అగ్గిపెట్టె ముట్టేవాడు కాదు. ఆయనకు వేడి అంటే అంకె కాదు, పూవు. ఇనుము దానిమ్మగింజలా ఉంటే ఇంకా చాలదు. మోదుగుపూవులా కాగితే అదే అదను. తంగేడుపూవు రంగుకు పోయిందంటే చెడిపోయినట్టే. ఆ ముక్కను పక్కన పడేసేవాడు. ఎక్కువగా చేసేవి రాతి ఉలులు. లారీల చక్రాల మీద ఉండే పాత కమాన్‌పట్టీలు కోసి, సాగదీసి, మొన తీర్చి, నూనెలో ముంచి, మళ్లీ సన్నసెగ చూపి గట్టిదనం కుదిర్చేవాడు. గుట్టల మీద బండలు కొట్టే పదకొండు మంది ఆయన ఉలులతోనే పనిచేసేవారు. వాళ్ల పెద్ద యాదయ్య. సోమవారం మొద్దుబారినవి తెచ్చి, గురువారం పదునైనవి తీసుకుపోయేవాడు.

పెద్దసుత్తె, అంటే సమ్మెట, కొట్టేది అమ్మ. కొత్తగా వచ్చినవాళ్లు ఇది చూసి ఆశ్చర్యపోయేవారు గాని, కమ్మరి ఇళ్లలో అది మామూలే. బాపు ఎడమచేత పట్కారుతో ఇనుమును దాగలి మీద, అంటే ఇనుప దిమ్మె మీద, పెట్టి తిప్పేవాడు. కుడిచేత చిన్నసుత్తెతో తాను కోరినచోట తట్టేవాడు. ఆ తట్టినచోటనే, మరుక్షణమే, అమ్మ సమ్మెట పడేది. దాగలి కొమ్ము మీద రెండు తట్లు తడితే ఆగమని. ఇంతకుమించి మాట లేదు. ఇనుము దాగలి మీద ఉన్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదని మా తాత పెట్టిన కట్టుబాటు. మాట వింటే చేయి ఒక వెంట్రుకవాసి ఆలస్యమవుతుందని, ఆలస్యమైన దెబ్బ చల్లబడ్డ ఇనుము మీద పడుతుందని ఆయన నమ్మకం. ఈ సుత్తెల భాషలో బాపు చెప్పడానికి రెండు మాటలున్నాయి. అమ్మ చెప్పడానికి ఒక్కటీ లేదు. ఇది అప్పుడు ఎవరికీ లోటుగా తోచలేదు. నాకూ తోచలేదు.

నేను పదో తరగతి నుండి డైరీ రాస్తున్నాను. తేదీ, వారం, గంట, లెక్క. ఒక ఆదివారం గుమ్మంలో కూర్చొని అమ్మ దెబ్బలు లెక్కపెట్టాను: ఉదయం ఏడు నుండి పదకొండు వరకు ఆరువందల పన్నెండు. ఒక్కో ఉలికి మూడు సార్లు కొలిమి, నలభై దెబ్బలకు కొంచెం అటూ ఇటూ. పనికాగానే అమ్మ గుడ్డపేలికలు విప్పి, చేతులు మజ్జిగతో కడుక్కొని, అదే చేతులతో జొన్నరొట్టె తట్టేది. రొట్టె చప్పుడు కూడా సమ్మెట చప్పుడంత సమంగా ఉండేది.

ఆ సంవత్సరం బాపుకు కళ్లలో నీళ్లు కారడం మొదలైంది. పొగ వల్లనని నేను తీర్మానించాను. మా కాలేజీ వర్క్‌షాపులో నిలువెత్తు కిటికీలు ఉండేవి. లోహాలను వేడిచేసే పాఠంలో రంగుల పట్టిక ఒకటి ఉండేది, ఒక్కో రంగుకు ఎదురుగా డిగ్రీల అంకె. ఆ పట్టికను పెద్ద అట్ట మీద రంగు పెన్సిళ్లతో గీసి కొలిమి గోడకు అంటించాను. పైకప్పులో ఒక పాత రేకు తీసి, వెలుతురు వచ్చే తెల్లరేకు వేయించాలని పట్టుబట్టాను.

"నాకెందుకు బిడ్డా వెలుతురు? ఇనుమే వెలుగుతది గద," అన్నాడు బాపు.

"వెలుతురుంటే కండ్ల మీద జోరు పడదు బాపూ. మా కాలేజీల చూడు, ఎంత కిటికీలున్నయో."

"మీ కాలేజీల ఉలులు చేస్తరా?"

"చేయరు. కానీ ఎట్ల చేయాల్నో చెప్తరు."

"గదే మంచిగున్నది," అని నవ్వాడు. అమ్మ మాత్రం నా పక్షమే మాట్లాడింది. "సదువుకున్న పిల్ల చెప్తున్నది, వేపియ్యరాదు? రోజు తలకాయ గుద్దుకుంటున్నవ్ వాసానికి."

అక్టోబర్ పద్దెనిమిది, శనివారం, ఉదయం తొమ్మిదిన్నరకు తెల్లరేకు వేశారు. కొలిమి మొదటిసారి కళ్లు తెరిచినట్టయింది. వాసాల నిండా మూడు తరాల మసి వేలాడుతుంటే అమ్మ చూసి, "అమ్మో, గిన్నాళ్లు గింత మసి కింద నిలవడి కొట్టిన్నా?" అని విరగబడి నవ్వింది. బాపు చెవిమీది బీడీ తీసి, తిప్పితిప్పి, అక్షరాలు కూడబలుక్కొని దానికి చుట్టిన లేబులు చదివాడు. ఆ రోజు రెండు గంటలు పని చేశారు. అన్నాల దగ్గర అమ్మ ముద్ద కలుపుతూ ఒక మాట అన్నది.

"ఇయ్యాల సమ్మెట లోపలికి పోతున్నది. ఎదురు కొడ్తలేదు."

నేను వెంటనే అందుకున్నాను. "వేడి మంచిగ ఎక్కితే గట్లనే మెత్తగైతది అమ్మా. పుస్తకంల ఉన్నది. నీకే అల్కగుంటది."

"అల్కగుంటే మంచిదే గదనే," అన్నాడు బాపు. అమ్మ ఇంకేమో అనబోయి, నా వైపు చూసి, పప్పు గిన్నె నా ముందుకు జరిపింది. ఆ సాయంత్రం నా డైరీలో ఇట్లా రాశాను: "కొత్త రేకు విజయవంతం. అమ్మకు శ్రమ తగ్గింది. 'సమ్మెట లోపలికి పోతున్నది, ఎదురు కొడ్తలేదు' అని తానే చెప్పింది." కింద ఒక గీత గీసి, గీత చివర చిన్న పూవు బొమ్మ వేశాను.

అంతకుముందు పూర్తి సంవత్సరంలో విరిగినవని యాదయ్య వెనక్కి తెచ్చిన ఉలులు ఏడు. రేకు వేసిన తరువాతి తొమ్మిది రోజుల్లో తెచ్చినవి తొమ్మిది. మొదటిసారి ఆయన వేళాకోళంగానే మాట్లాడాడు. "ఏంది వీరన్నా, గీ ఉలులు ఇనుముతోని చేసినవా, బెల్లంతోని చేసినవా? పల్లీపట్టి లెక్క ఇరుగుతున్నయి. నోట్లె ఏసుకోవాల్నా ఏంది?" బాపు నవ్వలేదు. విరిగిన ముక్కను వెలుతురులోకి పట్టుకొని చూశాడు. మంచి ఉలి విరిగితే లోపల బూడిదరంగుగా, పిండిలా సన్నగా ఉంటుంది. ఇది దొడ్డు ఉప్పులా తళతళ మెరుస్తున్నది. ఇనుము హద్దు దాటి కాగితేనే అట్లా అవుతుందని ఆయనకు తెలుసు. కాని తాను మోదుగుపూవు దాటనివ్వలేదనీ తెలుసు. ఈ రెండూ నిజమైతే మూడోది ఒకటే మిగులుతుంది.

"నా కండ్లు పోయినయి," అన్నాడు అమ్మతో. "సూదిల దారం ఎక్కిస్తున్న. గోడ మీద బల్లిని చూస్తున్న. అన్నీ కనవడుతున్నయి, నిప్పే కనవడుతలేదు."

నవంబర్ మూడు, సోమవారం. యాదయ్య ఉలి మొన విరిగి ఒక పెచ్చు ఎగిరి ఆయన ఎడమచెంపకు తగిలింది, కంటికి ఒక వేలెడు కింద. మూడు కుట్లు పడ్డాయి. సాయంత్రం ఆయన కట్టుతోనే వచ్చి, కొలిమిలో ఉన్న తమవాళ్ల ఉలులన్నీ గోనెసంచిలో వేసుకున్నాడు. ఆనాడు పరాచికం లేదు.

"నీ మీద కోపం లేదు వీరన్నా. ఇంట్ల పిల్లలున్నరు. మావోళ్లంత భయపడుతున్నరు."

"తప్పు లేదు తమ్మీ. పట్టుకపో," అన్నాడు బాపు. సంచిని తానే ఎత్తి ఆయన భుజం మీద పెట్టాడు. తరువాత పట్కారును గోడకు ఉన్న మేకుకు తగిలించాడు. అమ్మ సమ్మెటను తిరగేసి, పిడి పైకి వచ్చేటట్టు మూలకు నిలబెట్టింది.

కంటి దవాఖానలో కుడికంట పొర మొదలైందని, కోయడానికి ఇంకా ముదరలేదని చెప్పారు. ఆ మాటతో బాపు అనుమానం నిశ్చయమైపోయింది. కొడవళ్లకు పిడులు వేయడం, గడ్డపారల వంకలు తీయడం, ఇటువంటి చల్లని పనులకు దిగాడు. మూడు నెలలు మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడుకున్నాం. కొలిమి ఆగిపోయిన ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, ఆ నిశ్శబ్దాన్ని ఏదో ఒకదానితో నింపాలనిపిస్తుంది. యాభై ఏళ్లు రాని మనిషి, కళ్లు పోయాయని నమ్మి, ఇంట్లోనే గోడలు తడుముతూ నడవడం మొదలుపెట్టాడు. కనబడుతున్న గోడలనే తడిమేవాడు.

ఫిబ్రవరి ఆరు, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండుంబావు. కాలేజీలో విద్యుత్ కొలిమి ప్రయోగం. మా అధ్యాపకుడు ముందుగా కిటికీలు మూయించి, నల్లని పరదాలు దింపించాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. కొలిమి తలుపు తెరిచి కడ్డీ రంగు చూడడం, పక్కనున్న ముల్లు చూపే అంకె రాసుకోవడం. కడ్డీ మోదుగుపూవులా ఉంది. సరిగ్గా ఆ సమయానికి ఆలస్యంగా వచ్చిన ఒకమ్మాయి గది తలుపు బార్లా తెరిచింది. ఎండ లోపలికి పడింది. నా కళ్ల ముందే మోదుగుపూవు దానిమ్మగింజ అయిపోయింది. ముల్లు వైపు చూశాను. కదలలేదు. తలుపు మూశారు, మళ్లీ మోదుగుపూవు. ముల్లు అక్కడే ఉంది.

కడ్డీ చల్లబడలేదు. గది వెలిగింది, అంతే. వెలుగులో నిప్పు మసకబారి కనబడుతుంది. చూసేవాడు ఇంకా చాలలేదనుకొని ఇంకా కాస్తాడు. మా బాపు తెల్లరేకు కింద మోదుగుపూవు కోసం ఎదురుచూస్తూ, తెలియకుండా ఇనుమును తంగేడుపూవు దాకా కాచాడు. మూడు తరాలుగా కొలిమి చీకటిలో ఉంది గాని, ఆ చీకటి ఎందుకో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కొలిమి అంటే అట్లానే ఉంటుందనుకున్నారు. ఆ చీకటి వాళ్ల కొలబద్ద. దాన్ని నేను విరిచాను.

రెండు గంటల నలభైకి బస్సెక్కి నాలుగు గంటల ఇరవై ఐదుకు ఇబ్రహీంపట్నంలో దిగాను. బస్సులో డైరీ తెరిచి అక్టోబర్ పద్దెనిమిదో తేదీ పేజీ తీశాను. చిన్న పూవు బొమ్మ నా ముఖంలోకి చూసింది. ఇల్లు చేరేసరికి బాపు గడపలో కొడవలికి పిడి తొడుగుతున్నాడు, అమ్మ బియ్యం ఏరుతున్నది. నిలబడే అంతా చెప్పాను. మధ్యలో ఏడుపు వచ్చింది. బాపు చివరిదాకా విని, "ఆ దినం ఏం రాసుకున్నవ్? సదువు," అన్నాడు. చదివాను. ఆయన అమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పినవా?"

"చెప్పిన. బువ్వ తినుకుంట చెప్పిన."

"దాగలి కాడ ఎందుకు చెప్పలే?"

"దాగలి కాడ నోరిప్పొద్దని పెట్టింది మీ అయ్యనే గద!"

"మా అయ్య సచ్చి ఇరవై ఏండ్లాయెనే."

"అయితే ఏంది? ఆయన సచ్చిండు గని నువ్వున్నవ్ గద. నోరిప్పితే నువ్వు ఊకుంటుంటివా?"

బాపు కొడవలిని పక్కన పెట్టాడు. తరువాత లేచి, గోడ తడమకుండా నేరుగా కొలిమిలోకి నడిచాడు. మేకు మీది పట్కారు తీసి దులిపాడు. "రేపటి సంది ఒక్క దెబ్బ," అన్నాడు అమ్మతో. "నీ చేతికి ఇనుము తేడా అనిపిస్తే, ఉత్త దాగలి మీద ఒక్క దెబ్బ కొట్టు. నేనాగుత. ఎందుకని అడగ."

రేకును తీసేద్దామని నేనన్నాను. వాన ఆగుతుంది కదా, ఉండనిమ్మన్నాడు. మరునాడు నిచ్చెన వేసుకొని, మసిని పాతనూనెలో కలిపి, రేకు మీద రెండు పూతలు పూశాడు. నేను సిగ్గుతో పట్టికను చింపబోతే చేయి పట్టుకున్నాడు. "చింపకు, మంచి అట్ట. ఎండాకాలం ఇసురుకోవచ్చు." నిజంగానే రెండు వేసవులు దానితో విసురుకున్నాడు.

ఆదివారం ఉదయం యాదయ్యను పిలిపించాడు. ఆయన రావడం వచ్చాడు గాని, గోనెపట్టాకు అవతలే నిలబడ్డాడు. చెంప మీద కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. బాపు జరిగిందంతా చెప్పి, మూడు ఉలులు చేస్తానన్నాడు. మొదటిది సాఫీగా పూర్తయింది. రెండోదాన్ని కొలిమి నుండి తీసి దాగలి మీద పెట్టాడు. అమ్మ రెండు దెబ్బలు కొట్టింది. మూడోసారి సమ్మెట ఇనుము మీద పడలేదు. పక్కన, ఉత్త దాగలి మీద పడింది. ఆ చప్పుడు మా ఇంట్లో అంతకుముందు ఎన్నడూ పుట్టనిది. బాపు పట్కారు గాలిలోకి ఎత్తి, కదలకుండా పట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి నా ఊపిరి లెక్కపెట్టుకున్నాను. పదకొండో ఊపిరికి ఇనుము రంగు ఒక మెట్టు దిగింది. అప్పుడు చిన్నసుత్తె తట్టాడు, సమ్మెట పడింది.

మూడూ చల్లారిన తరువాత యాదయ్య ఆ రెండోదాన్నే ఏరుకొని, బండ మీద పెట్టి, తన సుత్తెతో పగిలేదాకా కొట్టాడు. చాలా దెబ్బలు పట్టింది. విరిగిన ముఖాన్ని బొటనవేలితో రాసి చూశాడు. "జొన్నపిండి లెక్కున్నది," అన్నాడు. తరువాత బాపు వైపు తిరిగి, "గిన్ని దినాలు వదిన నోరు కట్టేసి, నా చెంప కోపిచ్చినవ్ గదనే వీరన్నా," అన్నాడు. బాపు చెవి మీది బీడీ తీసి ఆయనకు ఇచ్చాడు. ఇద్దరూ ఎర్రని ఇనుముతోనే అంటించుకున్నారు.

బాపు నన్ను ఒక్కనాడూ నిందించలేదు. కొన్నేళ్ల తరువాత, నాకు ఈ ఉద్యోగం వచ్చిన రోజున మాత్రం, ఉత్తరం మడిచి ఇస్తూ అన్నాడు: "నీ తప్పు లెక్కల్ల లేకుండె బిడ్డా. లెక్క మంచిగనే రాసినవ్. ఇనలే, గంతే." ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. కొలిమి ఉన్నచోట ఇప్పుడు రెండు షట్టర్లు ఉన్నాయి. ఒకదానిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తారు, ఒకటి ఖాళీ. గుట్టలు చాలావరకు ప్లాట్లయ్యాయి. రాయి ఇప్పుడు యంత్రాలే కోస్తున్నాయి. ఆనాటిది మంచిదని, ఈనాటిది కాదని నేను అనను. అమ్మ చేయి ఇప్పుడు మూసుకోకపోవడానికి ఆ ఆరువందల పన్నెండు దెబ్బలు కూడా కారణమేనని నాకు తెలుసు. కాని, మా యంత్రం సెకనుకు వెయ్యిసార్లు కొలిచి గీసే గీతను చూసినప్పుడల్లా, అన్నం ముద్ద కలుపుతూ అమ్మ చెప్పిన మాటే నాకు వినిపిస్తుంది. సమ్మెట లోపలికి పోతున్నది, ఎదురు కొడ్తలేదు. మా నివేదికల్లో ఆ మాటకు పెద్ద పేరు, ఒక గుర్తు, కొలమానం ఉన్నాయి. అర్థం మాత్రం అదే.

ప్రయోగశాలలో దీపాలు వేసిన తరువాత అమ్మ కిటికీ దగ్గర నుండి లేచి, "తంగేడైంది గదనే, ఆపకపోతే ఎట్ల?" అన్నది. నేను నిజం చెప్పాను. అది ఇనుము కాదు. ఆ లోహానికి ఆ వేడే సరైనది, తంగేడురంగులోనే అది మంచిగా సాగుతుంది.

"గట్లనా? వేరే జాతా ఇది? మరి నేను చెప్పింది తప్పే గద. నువ్వెందుకు ఆపినవ్?"

"నువ్వు కొట్టినవ్ గద అమ్మా."

ఆమె నా ముఖం చూసి, "పిస్సదానా," అని, మూసుకోని చేతితోనే నా తల మీద ఒకటి వేసింది. శైలజ ఇంకో ముక్క పెట్టి, అదే వేడిలో, అదే వేగంతో మళ్లీ నడిపింది. ఏ పగులూ లేకుండా సాగింది. రిజిస్టరులో నేను ఇట్లా రాసి సంతకం చేశాను: "మొదటి ముక్క, పరీక్ష మధ్యలో ఆపబడింది. యంత్రలోపం లేదు. బాధ్యత నాది."

ఇక లెక్క. పోయినవి: ఆనాడు రేకు వేసిన రోజు నుండి తప్పు తెలిసిన రోజు వరకు నూట పదకొండు రోజులు, పదకొండు మంది రాతిపనివాళ్లలో బాపు కొలిమికి తిరిగి రానివాళ్లు నలుగురు, యాదయ్య చెంప మీద మూడు కుట్ల మచ్చ, అమ్మ కుడిచేతి ఐదు వేళ్లలో ఇక మూసుకోవని దవాఖానలో చెప్పినవి రెండు, సగం అణిగి ఆగిన నికెల్ ముక్క ఒకటి. ఉన్నవి: దాగలి, సమ్మెట, పట్కారు, మూడూ మా ఇంటి వరండాలో; మసి పూసిన రేకు, అమ్మ కోళ్లగూటి మీద; అక్టోబర్ పద్దెనిమిదో తేదీ పేజీ, పూవు బొమ్మతో సహా; ఆ సగం అణిగిన ముక్క, అమ్మ అడిగి తీసుకొని కొంగున కట్టుకున్నది. బల్ల అదిరినా గీతలో పడేటట్టు యంత్రం తన లెక్క తాను రాసుకుంటుంది కనుక ఇంకొకటి కూడా నా దగ్గర ఉంది. ఆమె బల్ల మీద కొట్టిన చప్పుడుకూ నేను మీట నొక్కడానికీ మధ్య పట్టిన కాలం, రెండు సెకన్లు.